గంబో వండిన చెయ్యి ఎవరిది?

హ్యూస్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్న ఓ పాఠకుడు రాశాడు. "నలుగురం స్నేహితులం. ఒక కారు. మూడు రోజుల సెలవు. జేబులు అంతంతమాత్రం. న్యూ ఆర్లియన్స్ వెళ్దామనుకుంటున్నాం. సినిమాల్లో చూసిన ఊరే గానీ అక్కడ ఏం తినాలో, ఎక్కడ తినాలో తెలీదు. మీరు వెళ్ళొచ్చారట కదా, కాస్త చెబుదురూ!" అని.

చెప్తాను బాబూ, చెప్పకేం! సినిమా పేజీలో ఈ తిండిగోలేమిటని ఎడిటరు గారు కళ్ళెర్రజేస్తారని తెలుసు. ఏం చేస్తాం? 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి వేషం కట్టిన ఎస్.వి. రంగారావు గారు లడ్డూల ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్ననాటి నుంచీ మనకి సినిమాకీ తిండికీ తెగని చుట్టరికం.

పైగా ఈ న్యూ ఆర్లియన్స్ ఉందే, అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది చివర వంపులో కూర్చున్న ఊరు, దానికి తిండి లేని సినిమా లేదు. ఎల్విస్ ప్రెస్లీ 'కింగ్ క్రియోల్' (1958) మొదలవడమే తిండి పాటతో. తెల్లారగట్ల వీధిలో ఒకావిడ క్రాఫిష్ అమ్ముకుంటూ కేకేస్తుంటుంది. మేడమీంచి ఎల్విస్ ఆ కేకకి గొంతు కలుపుతాడు. క్రాఫిష్ అంటే ఏమిటంటారా? ఒంటికి రొయ్య, చేతులకి పీత. మంచినీళ్ళలో బతుకుతుంది. జాన్ ఫావ్రో 'షెఫ్' (2014)లో తండ్రీకొడుకులు తిండి బండి వేసుకుని ఈ ఊరే వస్తారు. దాన్నే 2017లో సైఫ్ అలీఖాన్‌తో హిందీలో తీశారు. ఇక డిస్నీ వాళ్ళ 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' (2009) సంగతి... అది చివర్లో చెప్తాను. అసలు కథంతా అక్కడే ఉంది.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మీరు చెయ్యకుండా ఉంటారు.

మా బావ ఉండేదీ హ్యూస్టన్‌లోనే. ఇద్దరం కార్లో బయల్దేరాం. ఐదొందల అరవై కిలోమీటర్లు, దగ్గర దగ్గర ఆరు గంటలు. మా బావ గుంటూరు మనిషి. పులిహోర డబ్బా, గోంగూర సీసా లేకుండా గడప దాటడు. "ఒరే బామ్మర్దీ, అమెరికాలో కారం ఉన్న ఊరంటూ ఒకటుంటే అదేనటరా!" అని దారి పొడుగునా ఊరిస్తూనే ఉన్నాడు.

రాత్రి ఎనిమిదింటికి దిగాం. దిగీ దిగగానే పేరు విన్న వీధి కదా అని తిన్నగా బోర్బన్ స్ట్రీట్‌కి పోయాం. నియాన్ దీపాలు, బ్యాండు మేళాలు, చేతిలో గ్లాసులతో తూలే జనం. మన తిరనాళ్ళకి రంగులద్దినట్టుంది. ఎక్కువ దీపాలున్న హోటలు చూసి లోపలికి దూరాం. బోర్డు మీద పెద్దక్షరాలతో 'అసలు సిసలు గంబో' అని ఉంది. తెచ్చిపెట్టాడు. నీళ్ళకి నీళ్ళు, ఉప్పుకి ఉప్పు. అడుగున రబ్బరు ముక్కల్లా నాలుగు రొయ్యలు. బిల్లు చూస్తే కళ్ళు తిరిగాయి. మా బావ చెంచా కింద పెట్టి, "దీనికన్నా మీ అత్త విసుక్కుంటూ కాచిన చారు నయం గదరా" అన్నాడు.

లాడ్జికి తిరిగొచ్చేసరికి కౌంటర్లో ఓ పెద్దాయన ఉన్నాడు. నల్లజాతి మనిషి, డెబ్బైకి దగ్గర పడ్డ వయసు, పుట్టింది పెరిగింది ఆ ఊళ్ళోనే. "ఏం బేబీ, భోజనమైందా?" అన్నాడు మా బావని. గుబురు మీసాల మా బావ ఉలిక్కిపడ్డాడు. ఆ ఊళ్ళో అంతేనట. ఆడా మగా, ముసలీ ముతకా, అందరూ అందరికీ 'బేబీ'లే.

"గంబో తిన్నాం" అన్నాను నీరసంగా.

"ఎవరి గంబో?" అన్నాడాయన.

నేను హోటలు పేరు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేనడిగింది హోటలు కాదు బేబీ. ఎవరి చేతి గంబో అని. వండిన మనిషి ఎవరో తెలీకపోతే ఈ ఊళ్ళో తినకు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కూడా చివర్లోనే చెప్తాను. అన్నీ చివరికి దాస్తున్నానని తిట్టుకోకండి. ఇంటర్వెల్ కాకుండా క్లైమాక్స్ చూపిస్తే మీరే ఒప్పుకోరు!

కలగూరగంప

ఇంతకీ గంబో అంటే ఏమిటి? క్రియోల్ వంట అంటే ఏమిటి?

ఈ ఊరు కట్టింది ఫ్రెంచివాళ్ళు, 1718లో. తర్వాత నలభై ఏళ్ళ చిల్లర స్పెయిన్ వాళ్ళేలారు. 1803లో అమెరికా కొనేసింది. ఈలోగా ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చినవాళ్ళు వేలల్లో. ఈ గడ్డమీద అంతకుముందు నుంచీ ఉన్న చోక్టా తెగ వాళ్ళు ఉండనే ఉన్నారు. తర్వాత ఇటలీ నుంచి, జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళంతా కలిసి ఒకే కుండలో చెయ్యి పెడితే వచ్చిందే క్రియోల్ వంట.

గంబో అన్న మాటే ఆఫ్రికా మాట. బెండకాయకి అక్కడి పేరు. అవును, మన బెండకాయే! చిక్కదనానికి బెండకాయ వేస్తారు. కొందరు దాని బదులు సాసఫ్రాస్ అనే చెట్టు ఎండుటాకుల పొడి వేస్తారు. అది చోక్టా వాళ్ళ విద్య. అడుగున ఉండే 'రూ' ఫ్రెంచివాళ్ళది. గోధుమపిండిని నూనెలోనో నెయ్యిలోనో వేసి సన్నసెగ మీద కలపాలి. కలుపుతూనే ఉండాలి. ఇటుకరంగు దాటి చాక్లెట్ రంగు వచ్చేదాకా. మధ్యలో ఫోను మోగిందని పక్కకి వెళ్ళారా, మాడి ఊరుకుంటుంది. పారబోసి మళ్ళీ మొదటికి రావాలి. అందులో ఉల్లిపాయ, బుట్టమిరప, సెలరీ. ఈ మూడింటినీ వాళ్ళు 'హోలీ ట్రినిటీ' అంటారు, మనకి పోపులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప ఎలాగో అలా. ఆపైన రొయ్యలో, పీతలో, కోడో, సాసేజో. అన్నం మీద పోసుకుని తినడమే.

"పులుసన్నం అని చెప్పొచ్చుగా!" అన్నాడు మా బావ. చెప్పొచ్చు. కాకపోతే పులుపు లేని పులుసు.

అన్నట్టు, క్రియోల్ వేరు, కేజన్ వేరు. కెనడా వైపు అకేడియా అనే చోటి నుంచి 1755 మొదలు ఇంగ్లీషువాళ్ళు తరిమేసిన ఫ్రెంచి రైతులు లూసియానా పల్లెల్లో, చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. వాళ్ళు కేజన్లు. వాళ్ళది పల్లెవంట, క్రియోల్‌ది పట్నం వంట. ఆ ఊళ్ళో ఎవరితోనైనా రెండూ ఒకటే అన్నారో, గోదావరి వాళ్ళ వంటా రాయలసీమ వంటా ఒకటే అన్నంత పాపం!

ఇప్పుడు అసలు సంగతి. వంటల పుస్తకాల్లో ఎన్నాళ్ళో పేరు ఫ్రెంచి వాళ్ళకే దక్కింది. కుండ దగ్గర నిలబడి చెయ్యి కాల్చుకుంది మాత్రం ఎక్కువగా నల్లజాతి ఆడవాళ్ళు. మొదట బానిసలుగా, తర్వాత జీతానికి. వాళ్ళ పేర్లు పోస్టరు మీద లేవు, టైటిల్స్‌లోనూ లేవు. పెద్దాయన 'ఎవరి చెయ్యి?' అని అడిగింది అందుకే.

ఆ ప్రశ్న పట్టుకుని మర్నాటి నుంచి ఊరు తిరిగాం. ఎక్కడ బాగా తిన్నామో వరసగా చెప్తాను, రాసుకోండి.

పొద్దున్న: కాఫీ, బెన్యేలు

కేఫ్ డు మోండ్. నది ఒడ్డున, ఫ్రెంచ్ మార్కెట్‌లో. 1862 నుంచి ఉంది. బెన్యే అంటే నలుచదరంగా కోసి నూనెలో వేయించిన పిండివంట. ప్లేటుకి మూడు. పైన పంచదార పొడి కొండలా పోస్తారు. నల్ల చొక్కా వేసుకుని వెళ్ళకండి. తినేటప్పుడు నవ్వకండి, ఎదుటివాడి మొహం మీద పౌడరు కొట్టినట్టవుతుంది. 'షెఫ్' సినిమాలో పిల్లాడికి తండ్రి తినిపించేది ఇక్కడే.

కాఫీ గుక్క తాగి మా బావ నా వంక చూశాడు. నేను మా బావ వంక చూశాను. అది మన కాఫీ! చికోరీ కలిపిన కాఫీ, వేడిపాలు. ఫ్రాన్సు నుంచి వచ్చిన అలవాటు. 1860లలో అమెరికా అంతర్యుద్ధం నాడు రేవు మూతపడి కాఫీగింజలు కరువైతే చికోరీ ఇంకాస్త గట్టిగా పాతుకుపోయింది. యుద్ధం పోయింది, రుచి మిగిలింది. ఇంటి మీద బెంగ పెట్టుకున్న కుర్రాళ్ళకి ఇంతకన్నా మందు లేదు. శాకాహారులూ నిర్భయంగా వెళ్ళొచ్చు.

మధ్యాహ్నం: పేదవాడి రొట్టె

1929లో ఈ ఊళ్ళో ట్రాముబళ్ళ కార్మికులు సమ్మె కట్టారు. మార్టిన్ సోదరులని ఇద్దరు, ఒకప్పుడు తామూ ట్రాముల్లో కండక్టర్లే, అప్పటికి హోటలు నడుపుతున్నారు. సమ్మెలో ఉన్నవాళ్ళకి ఉచితంగా రొట్టెలు పెట్టారు. 'అదుగో, ఇంకో పేద కుర్రాడొస్తున్నాడు' అనుకునేవారట వంటింట్లో. అలా ఆ పొడుగాటి శాండ్‌విచ్‌కి 'పో బాయ్' అన్న పేరు వచ్చిందని చెబుతారు. పైన కరకర, లోపల దూది. మధ్యలో వేయించిన రొయ్యలు.

పార్క్‌వే బేకరీకి వెళ్ళండి. 1911 నాటి దుకాణం, మిడ్ సిటీలో ఉంది. 2010లో ఒబామా కుటుంబంతో వచ్చి తిన్నాడు. 'డ్రెస్డ్?' అని అడుగుతారు. మీ బట్టల గురించి కాదు, కంగారుపడకండి! లెట్యూస్, టమాటో, పచ్చడికాయ, మయొనేజ్ వెయ్యమంటారా అని. వెయ్యమనండి. ఒకటి తీసుకుంటే ఇద్దరికి సరిపోతుంది. జేబులు అంతంతమాత్రం అన్నారు కదా, మీకోసమే ఈ మాట.

సోమవారం వెళ్తే మాత్రం రెడ్ బీన్స్ అండ్ రైస్. అంటే దాదాపు మన రాజ్మా అన్నం. వెనకటి రోజుల్లో సోమవారం చాకిరేవు రోజు. ఆడవాళ్ళు బట్టలుతుక్కుంటూ పొయ్యిమీద గింజలు పడేసేవారు. ఆదివారం వండిన పంది తొడ ఎముక అందులో వేసేవారు. వాటి పాటికి అవి ఉడికేవి. ఇవాళ వాషింగ్ మిషన్లొచ్చినా సోమవారం మాత్రం మారలేదు. ఈ ఊళ్ళోనే 1901లో పుట్టిన జాజ్ చక్రవర్తి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఇదంటే ఎంత ప్రాణమంటే, ఉత్తరాల చివర సంతకం పక్కన కూడా దీని పేరే కలిపి రాసేవాడు. పంది మాంసం తినని వాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి. గింజలే కదా అని మోసపోకండి.

ఎండ మండిపోతుంటే హాన్సెన్స్ స్నో బ్లిజ్. మన ఐస్ గోలాకి అమెరికా అక్కయ్య. ఎర్నెస్ట్ హాన్సెన్ అనే ఆయన 1930లలో మంచు కొరిగే మిషను సొంతంగా తయారుచేశాడు, ఆయన భార్య మేరీ పాకాలు కాచింది. 1939లో దుకాణం పెట్టారు. చలికాలం మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

ఇంకొకటి. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక అక్కడి కాందిశీకులు చాలామంది ఈ ఊరి తూర్పు కొసన స్థిరపడ్డారు. వాళ్ళ డాంగ్ ఫూంగ్ బేకరీ 1982 నుంచి ఉంది. మార్డిగ్రా పండగ రోజుల్లో ఈ ఊరంతా 'కింగ్ కేక్' తింటుంది. లోపల చిన్న పాపాయి బొమ్మ దాస్తారు, ఎవరి ముక్కలో వస్తే తర్వాతి కేకు వాళ్ళు కొనాలి. ఆ కింగ్ కేకు కోసం ఊరివాళ్ళు వియత్నాం వాళ్ళ దుకాణం ముందు క్యూ కడుతున్నారు. 2018లో అమెరికా వంట ప్రపంచంలో ఆస్కార్ లాంటి జేమ్స్ బియర్డ్ పురస్కారం దీన్ని వెతుక్కుంటూ వచ్చింది. మూడొందల ఏళ్ళ కుండలో ఇంకో చెయ్యి పడిందన్నమాట.

రాత్రి: పెద్దింటి భోజనం

పెద్ద హోటళ్ళ మాట చెప్పకపోతే అన్యాయం. ఆంట్వాన్స్ 1840 నుంచి నడుస్తోంది. 1899లో అక్కడ ఆల్చిప్పల మీద ఒక ఆకుపచ్చ సాసు వేసి కాల్చి, అది అంత 'రిచ్'గా ఉందని ఆ రోజుల్లో అందరికన్నా ధనవంతుడైన రాక్‌ఫెల్లర్ పేరు పెట్టారు. ఆ సాసులో ఏముందో ఇవాళ్టికీ రహస్యమే. గ్యాలటోర్స్ 1905 నాటిది. టెనెసీ విలియమ్స్ నాటకం 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'లో అక్కచెల్లెళ్ళు భోజనానికి వెళ్ళేది అక్కడికే. ఆ నాటకమే 1951లో మార్లన్ బ్రాండోతో సినిమా అయింది. బ్రెనన్స్‌లో 1951లోనే పుట్టిన 'బనానాస్ ఫాస్టర్' అడగండి. అరటిపళ్ళు వెన్నలో పంచదారతో వేసి, మీ టేబులు పక్కనే రమ్ము పోసి నిప్పంటిస్తారు. ఫైటు సీనూ అదే, డెజర్టూ అదే!

కమాండర్స్ ప్యాలెస్ గార్డెన్ డిస్ట్రిక్ట్‌లో నీలిరంగు మేడ. దాన్ని పెంచి పెద్దచేసినావిడ ఎల్లా బ్రెనన్. వంటగదిలోకి పల్లె నుంచి వచ్చిన పాల్ ప్రుడోమ్‌ని తెచ్చింది, తర్వాత కుర్రవాడైన ఎమెరిల్ లగాసీని తెచ్చింది. ఇద్దరూ టీవీ తెర మీద దేశమంతా తెలిసిన తారలయ్యారు. కొత్తవాళ్ళని పరిచయం చెయ్యడంలో మన పాతకాలం నిర్మాతల లాంటి మనిషి. ఇలాంటి చోట్లకి మంచి బట్టలు వేసుకుని, ముందుగా టేబులు చెప్పుకుని, మధ్యాహ్నం పూట వెళ్ళండి. రాత్రికన్నా బిల్లు తేలిక.

భోజనం బాగుందా? బ్రహ్మాండంగా ఉంది. కానీ పెద్దాయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

కత్రినా

కత్రినా అనగానే మీ కుర్రకారుకి 'మల్లీశ్వరి' (2004)లో వెంకటేష్ పక్కన నటించిన హీరోయిన్ గుర్తొస్తుంది. ఆ మరుసటేడు ఈ ఊరికి వచ్చిన కత్రినా వేరు. 2005 ఆగస్టు 29. తుపాను ఒక పక్క, గట్లు తెగి నీళ్ళు ఇంకో పక్క. ఊళ్ళో నూటికి ఎనభై పాళ్ళు మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. లక్షలమంది చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. దివిసీమ ఉప్పెన (1977) కథలు మన పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అదే ఏడాది మే నెలలో విల్లీ మే సీటన్ అనే పెద్దావిడకి జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. ట్రెమే పేటలో చిన్న హోటలు, వేయించిన కోడికి పేరు. నాలుగు నెలలు తిరక్కుండా హోటలు నీళ్ళపాలైంది. అప్పుడావిడకి తొంభైకి దగ్గర వయసు. ఎక్కడెక్కడి నుంచో వంటవాళ్ళు, తినేవాళ్ళు సుత్తులూ రంపాలూ పట్టుకుని వచ్చి గోడలు నిలబెట్టారు. 2007లో మళ్ళీ పొయ్యి వెలిగింది. ఆవిడ 2015లో పోయింది. 2023లో ఆ పాత ఇంట్లో అగ్నిప్రమాదం జరిగింది కూడాను. అందుకని వెళ్ళేముందు ఎక్కడ వండుతున్నారో కనుక్కుని వెళ్ళండి. కోడి మాత్రం వదలకండి.

ఇందాక చెప్పిన ఐస్ గోలా దంపతులు హాన్సెన్లు? తుపాను తర్వాత నెలల వ్యవధిలో ఇద్దరూ కన్నుమూశారు. దుకాణం మనవరాలు నడుపుతోంది. మిషను అదే.

ఊరు మునిగినప్పుడు వంటకాల చిట్టీ పుస్తకాల్లో మిగిలే ఉంటుంది. చేతులు చెదిరిపోతేనే వంట పోతుంది. ఆ చేతులు వెనక్కి వచ్చాయి గనకే న్యూ ఆర్లియన్స్ ఇంకా న్యూ ఆర్లియన్స్.

అసలు రాకుమారి

ఇప్పుడు 'ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్'. డిస్నీ వాళ్ళ మొట్టమొదటి నల్లజాతి రాకుమారి టియానా. హోటల్లో ప్లేట్లు మోస్తూ, సొంత హోటలు పెట్టాలని చిల్లర డబ్బులు డబ్బాలో వేసుకునే పిల్ల. గంబో వండుతుంది. ఈ పాత్రకి ప్రేరణ ఎవరో తెలుసా? లియా చేజ్.

1923లో పుట్టింది. సరస్సు అవతల చిన్న ఊరు. చదువుకోవడానికి పట్నం వచ్చి, ఫ్రెంచ్ క్వార్టర్‌లో తెల్లవాళ్ళ హోటల్లో వెయిట్రెస్‌గా చేరింది. అంటే ఆవిడ వడ్డించొచ్చు. కూర్చుని తినకూడదు! నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర తినరాని రోజులు. 1946లో బ్యాండు నడిపే డూకీ చేజ్‌ని పెళ్ళాడింది. అత్తమామలకి ట్రెమేలో 1941 నుంచి చిన్న శాండ్‌విచ్ దుకాణం ఉంది. కోడలు వచ్చి దాన్ని తెల్లటి గుడ్డలు పరిచిన రెస్టారెంటు చేసింది. తెల్లవాళ్ళ హోటళ్ళలో తను చూసిన దర్జా తనవాళ్ళకీ దక్కాలని పట్టు.

1960లలో పౌరహక్కుల ఉద్యమం. మేడమీద గదిలో మార్టిన్ లూథర్ కింగ్, ఆయన సహచరులు కూర్చుని గంబో తింటూ పథకాలు వేసుకున్నారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి. అది చట్టానికి విరుద్ధం. ఆవిడ లెక్కచెయ్యలేదు, వడ్డించింది. ఓసారి హోటలు మీద బాంబు కూడా పడింది. మర్నాడు మళ్ళీ వండింది. రే చార్లెస్ తన 'ఎర్లీ ఇన్ ది మార్నింగ్' పాటలో ఈ హోటలు పేరు చేర్చి పాడాడు. ఒబామా వచ్చి రుచి చూడకుండానే గంబోలో కారం సాసు పోసుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేసిందట! మన నాయనమ్మలు చెయ్యరూ, అలాగే.

కత్రినాకి హోటలు మునిగింది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఎదురుగా ప్రభుత్వం ఇచ్చిన ట్రైలరులో మొగుడూ పెళ్ళాలు కాపరం ఉండి, రెండేళ్ళు కనిపెట్టుకుని, 2007లో మళ్ళీ తెరిచారు. తొంభై దాటాక కూడా వంటింట్లోనే ఉంది. 2016లో బియాన్సే 'లెమనేడ్'లో కనిపించింది. 2019 జూన్ 1న, తొంభై ఆరో ఏట పోయింది. కుటుంబం హోటలు నడుపుతోంది.

గుడ్ ఫ్రైడేకి ముందు గురువారం నాడు ఆవిడ చేసిన 'గంబో జెర్బ్' కోసం ఊరు ఊరంతా వచ్చేది. ఆకుకూరల గంబో. తొమ్మిది రకాల ఆకుకూరలు, లెక్క బేసిగా ఉండాలి. ఎన్ని ఆకులు వేస్తే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులని నమ్మకం. కలగూరగంప అంటే అదీ! శాకాహారులు తొందరపడకండి, అందులోనూ మాంసం పడుతుంది.

ఈ ట్రెమే పేటకి మనతోనూ ఓ లంకె ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్లోని హుగ్లీ నుంచి చికన్ పని బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చిన వర్తకులు ఇక్కడే కాపరాలు పెట్టారు. కొందరు ఈ పేట పిల్లలనే పెళ్ళాడి ఇక్కడే కలిసిపోయారు.

మేం డూకీ చేజ్‌కి వెళ్ళిన రోజు పక్క టేబులు దగ్గర ఓ నల్లజాతి కుటుంబం కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల టియానా ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. "రాకుమారి ఎక్కడ?" అని ఒకటే గొడవ. వాళ్ళమ్మమ్మ గోడ మీద ఫోటో చూపించింది. వంటవాళ్ళ కోటు వేసుకున్న ముసలావిడ. పిల్ల కాసేపు చూసి, "కిరీటం ఏదీ?" అంది. అమ్మమ్మ గంబో గిన్నె ముందుకు జరిపి, "ముందు తిను, తర్వాత చెప్తా" అంది.

మా బావ గోంగూర సీసా బయటికి తియ్యలేదు. అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టనిది ఎందుకంటే...

కొన్నేళ్ళ కిందట గోదావరి ఒడ్డున ఓ లంక గ్రామంలో షూటింగ్ కవర్ చెయ్యడానికి వెళ్ళాను. ఇరవై రోజులు యూనిట్ మొత్తానికి ఊళ్ళో ఒకావిడ వండిపెట్టింది. కట్టెపొయ్యి, చేపల పులుసు. దర్శకుడు ఇంటర్వ్యూలో సినిమా గురించి రెండు మాటలు చెబితే ఆ పులుసు గురించి పది చెప్పాడు. నేను హీరో తిన్న ముక్కలతో సహా లెక్కపెట్టి రాశాను. వండినావిడని మాత్రం 'స్థానిక వంటమనిషి' అని రాసి ఊరుకున్నాను. పేరు అడగనే లేదు. అడ్డ తిరిగి చూస్తే ఆవిడ మూడు గజాల దూరంలో ఉంది.

"ఎవరి చెయ్యి?" అన్న ఆ పెద్దాయన మాట తగిలింది అక్కడ. తిరిగొచ్చాక ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయనకి హీరో కారవాన్ నంబరు గుర్తుంది, ఆవిడ పేరు గుర్తులేదు. ఆయన్నని లాభమేముంది? రాయాల్సినవాణ్ణి నేను.

కాబట్టి హ్యూస్టన్ తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇది. దీపాలు ఎక్కువున్న చోట తినకు. లాడ్జిలో, బస్టాపులో, షాపులో ఊరివాళ్ళని అడుగు. 'ఏ హోటలు?' అని కాదు, 'ఎవరు బాగా వండుతారు?' అని. పొద్దున్న నది ఒడ్డున కాఫీ, మధ్యాహ్నం పార్క్‌వే, ఒక పూట మాత్రం ట్రెమేలో. తిన్నాక వండినవాళ్ళ పేరు అడిగి, బాగుందని చెప్పి రా. దానికి డబ్బులక్కర్లేదు.

నేను వచ్చే నెల ఆ లంక గ్రామానికి వెళ్తున్నాను. పేరు దొరికిన వారం ఈ పేజీలో మొదటి లైను ఆవిడదే. హీరోగారి కబుర్లు ఆ తర్వాత!